మా చెరువు 98 ఎకరాలా, సున్నా పాయింట్ సున్నా సున్నానా?

ప్రశ్న: బీజడ్‌సీతో డిగ్రీ చేశాను. మహబూబ్‌నగర్‌లో చెరువుల మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం. మూడు మండలాల చెరువుల హద్దులు మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గీశాను. ఫోన్ జీపీఎస్‌తో తెచ్చిన బోర్ల పాయింట్లు దాని మీద ఎక్కించాను. ఒక్కో చెరువు విస్తీర్ణం ఎంత, దానికి 500 మీటర్లలోపు ఎన్ని బోర్లున్నాయి అన్నది తేల్చాలి. అంతా చేత్తో చేసేసరికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఇంకో పదమూడు మండలాలు చెయ్యమంటున్నారు. "పైథాన్ నేర్చుకో అక్కా" అని మా తమ్ముడు మ్యాపు లెక్కలు చేసే జియోపాండాస్ అనే పైథాన్ ప్యాకేజీ ఎక్కించి ఇచ్చాడు. ఒకే చెరువుకు క్యూజీఐఎస్ 98 ఎకరాల 33 గుంటలు అంటుంటే, పైథాన్ 3.39ఇ-05 అంటోంది. 500 బఫర్ (చెరువు చుట్టూ వలయం) వేస్తే తెరంతా ఒకే రంగైపోయింది. ఏది నమ్మాలి? కోడింగ్ రానిదాన్ని, ఇది నావల్ల అవుతుందా, పాత పద్ధతే నయమా? ల్యాప్‌టాప్ కూడా పాతది, 4 జీబీ. కొత్తది కొనమంటారా?
ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

సమాధానం: రెండూ నిజమే చెబుతున్నాయి. ఒకటి ఎకరాల్లో చెబుతోంది, రెండోది చదరపు డిగ్రీల్లో చెబుతోంది, అంతే తేడా.

కావాలంటే కాగితం మీద వేసి చూడండి. 3.39ఇ-05 అంటే 0.0000339. మహబూబ్‌నగర్ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 110.7 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106.6 కిలోమీటర్లు. రెండింటినీ గుణిస్తే ఒక చదరపు డిగ్రీ సుమారు 11,800 చదరపు కిలోమీటర్లు. దాన్ని మీ పైథాన్ అంకెతో గుణించండి. 0.4 చదరపు కిలోమీటర్లు వస్తుంది. అంటే 40 హెక్టార్లు, అంటే మీ 98 ఎకరాల 33 గుంటలే.

ఎందుకిలా అంటే, ఫోన్ జీపీఎస్ ఇచ్చేవి అక్షాంశ రేఖాంశాలు. మీ పొరలన్నీ (మ్యాపు లేయర్లు) ఈపీఎస్‌జీ 4326 అనే సీఆర్ఎస్‌లో, అంటే స్థలాలను అంకెల్లో చెప్పే ఒక పద్ధతిలో, డిగ్రీల్లోనే ఉన్నాయి. క్యూజీఐఎస్ ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో మీరు వాడింది డాలర్ గుర్తున్న 'ఏరియా' అయి ఉంటుంది. అది మీకు చెప్పకుండానే భూమి వంపును లెక్కలోకి తీసుకుని, ప్రాజెక్టు సెట్టింగుల్లో ఉన్న కొలతలోకి మార్చి ఇస్తుంది. అదే కాలిక్యులేటర్‌లో డాలర్ లేని ఏరియా ఫంక్షన్‌కు జామెట్రీని ఇచ్చి చూడండి. సాక్షాత్తూ క్యూజీఐఎస్సే 0.0000339 అంటుంది! జియోపాండాస్‌కు ఆ మొహమాటం లేదు. దానికి భూమి బల్లపరుపు కాగితమే, డిగ్రీలిస్తే డిగ్రీల్లోనే కొలుస్తుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడే మీ స్నేహితులెవరైనా 'ఎస్ఎఫ్' ప్యాకేజీతో ఇదే పని చేస్తే వాళ్లకు తిన్నగా చదరపు మీటర్లే వస్తాయి. 2021లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి అది డిగ్రీల పొరల్ని గోళం మీదే కొలుస్తోంది.

నిజానికి జియోపాండాస్ మిమ్మల్ని హెచ్చరించే ఉంటుంది. మీ డేటా డిగ్రీల్లో ఉంది, ఈ ఏరియా తప్పయ్యే అవకాశం ఎక్కువ అని జవాబుకు పైన ఒకట్రెండు లైన్లు వస్తాయి. మీరు దాటేసైనా ఉండాలి, మీ తమ్ముడు "ఇవి మామూలే" అని వాటిని రాకుండా ఆపేసైనా ఉండాలి. ఆపేసి ఉంటే ఈ రోజే తిరిగి పెట్టించండి.

బఫర్ సంగతీ అదే. మీరు 500 అన్నారు, అది 500 డిగ్రీలనుకుంది. భూమిని చుట్టి వస్తేనే 360. తెరంతా ఒకే రంగు కాక ఏమవుతుంది? కొందరు 0.0045 డిగ్రీలు పెట్టి గట్టెక్కుతారు. అది ఉత్తర దక్షిణాలకు 498 మీటర్లు, తూర్పు పడమరలకు 480 మీటర్లు. మీ వలయం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. వద్దు.

చేయవలసింది పొరను మీటర్లలో ఉండే సీఆర్ఎస్‌లోకి మార్చడం. మనకు అలవాటైనది యూటీఎం, భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచేది. ఇక్కడ మీ జిల్లాకు ఉన్న ఒక చిక్కు చెప్పాలి. యూటీఎం 43వ జోన్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశంతో అయిపోతుంది, అక్కడినుంచి 44 మొదలు. ఆ గీత సరిగ్గా మీ ఊరి పక్కనుంచే పోతుంది! నారాయణపేట, మక్తల్ 43లో పడతాయి, జడ్చర్ల 44లో పడుతుంది. మండలానికొక ఫైలు పెట్టుకుని "తగిన జోన్ నువ్వే చూసుకో" అని జియోపాండాస్‌కు వదిలేశారనుకోండి, పడమటి మండలాలకు ఒకటి, తూర్పు మండలాలకు ఇంకోటి ఎంచుకుంటుంది. చివర్లో అన్నీ కలపబోతే కలవవు.

ఏదో ఒకటే జోన్ పెట్టుకోండి. 44 అనుకుందాం, ఈపీఎస్‌జీ 32644. పడమటి చెరువులు జోన్ దాటి ఉన్నాయి కదా, తప్పు రాదా అంటారేమో. వస్తుంది. 77 డిగ్రీల దగ్గర నూరెకరాల చెరువుకు సుమారు 15 గుంటలు ఎక్కువ చూపిస్తుంది, మీ ఊరి దగ్గర ఏడు గుంటలు. ఈ గుంటలకు ఎంత విలువివ్వాలో కాసేపట్లో చెబుతాను.

మార్చేటప్పుడు ఒకటి చూసుకోండి. క్యూజీఐఎస్‌లో 'సెట్ లేయర్ సీఆర్ఎస్' వేరు, 'రీప్రాజెక్ట్ లేయర్' వేరు. జియోపాండాస్‌లోనూ అంతే, 'సెట్ సీఆర్ఎస్' వేరు, 'టూ సీఆర్ఎస్' వేరు. మొదటిది పేరు రాస్తుంది, రెండోది నిజంగా మారుస్తుంది. పట్టాదారు పాస్‌బుక్‌లో ఎకరాలన్న మాట కొట్టేసి హెక్టార్లని రాసుకుంటే పొలం రెండున్నర రెట్లు కాదు కదా. మీకు కావలసింది రెండోది.

ఇంకో సీఆర్ఎస్ కూడా మీటర్లలోనే ఉన్నట్టు కనిపించి ముంచుతుంది. వెబ్ మ్యాపుల కింద ఉండే 3857. దీని దెబ్బ నేను స్వయంగా తిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి చెరువు నివేదిక పట్టుకుని గ్రామసభకు వెళ్లాను. విస్తీర్ణం 109 ఎకరాలని చదివాను. వెనక కూర్చున్న నీరటి లేచి, "నూరెకరాల చెరువు సారూ, తొమ్మిదెకరాలు ఎవరి పొలంలోంచి తెచ్చినవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. కట్ట మీద ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి అంకె సరైనది, నాది తప్పు. ఆ ప్రొజెక్షన్ మన అక్షాంశం దగ్గర విస్తీర్ణాన్ని తొమ్మిదిన్నర శాతం దాకా ఉబ్బిస్తుంది. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అప్పటినుంచి ఏ లెక్క మొదలుపెట్టినా, ముందు నాకు బాగా తెలిసిన ఒక్క చెరువు మీద వేసి చూస్తాను. మీరూ అలాంటి చెరువొకటి పెట్టుకోండి. అలుగు ఎక్కడ, తూములెన్ని, నిండితే నీళ్లు ఏ చేను గట్టుదాకా వస్తాయి అన్నది కళ్లు మూసుకుని చెప్పగలిగే చెరువు. క్యూజీఐఎస్ కానీ, పైథాన్ కానీ దాని విషయంలో కుదిరితేనే మిగతా చెరువుల దగ్గరికి పోవడం.

ఇక పైథాన్ నేర్చుకోవాలా అన్నది. దానికి ముందు నేనే ఒకటి అడుగుతాను. ఆ రెండు నెలల్లో ఎంత భాగం హద్దులు గీయడానికి పోయింది? నా అనుభవంలో ముప్పాతిక వంతు అక్కడే పోతుంది. అది కంటితో, మౌసుతో చేసే పని. పైథాన్ వచ్చినా మీ చెరువు హద్దు అది గీసిపెట్టదు. కాబట్టి పదమూడు మండలాలు పదమూడు నిమిషాల్లో అయిపోవు.

రెండోది, మండలానికొకసారి ఎందుకు చేస్తున్నారు? పదహారు మండలాల చెరువులూ ఒకే పొరలో వేసి, మండలం పేరుకు ఒక కాలమ్ పెట్టండి. బోర్లూ అంతే. అప్పుడు రీప్రాజెక్ట్ ఒక్కసారి, బఫర్ ఒక్కసారి, లెక్క ఒక్కసారి. మండలాలవారీగా విడగొట్టి చేస్తే పనే కాదు, లెక్క కూడా తప్పుతుంది. చెరువు ఈ మండలం పొలిమేరలో ఉండి, బోరు అవతలి మండలంలో 300 మీటర్ల దూరంలో ఉంటే, మీ మూడు మండలాల లెక్కలో ఆ బోరు పడి ఉండదు. భూమిలో నీళ్లకు మండలం పొలిమేర తెలియదు కదా. చేసిన మూడింటినీ మళ్లీ కలిపి చూడండి, కొన్ని అంకెలు మారతాయి.

ఇంతమాత్రానికి క్యూజీఐఎస్ ఒక్కటే చాలు. మరి పైథాన్ దేనికి అంటే, వచ్చే నెల మీ పైవాళ్లు "500 కాదు, 300 చేసి చూపించండి" అన్న రోజుకు. ఆ మర్నాడు "ఎండిపోయిన బోర్లు తీసేసి మళ్లీ చెయ్యండి" అన్న రోజుకు. అడగకుండా ఉండరు. చేత్తో అయితే ప్రతిసారీ మొదటినుంచి, పైగా ఎక్కడ ఏం నొక్కామో గుర్తుండదు. కోడ్ అయితే ఒక అంకె మార్చి మళ్లీ నడిపితే సరి. ఆరు నెలల తర్వాత ఎవరైనా "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగితే చూపించడానికి కూడా అదే ఆధారం.

నేర్చుకోవడానికి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. క్యూజీఐఎస్‌లో మీరు ఒక్కసారి జాగ్రత్తగా రీప్రాజెక్ట్, బఫర్ చేయండి. తర్వాత ప్రాసెసింగ్ మెనూలో హిస్టరీ తెరవండి. మీరు నొక్కిన ప్రతి పనీ అక్కడ పైథాన్ ఆజ్ఞగా రాసి ఉంటుంది. ఏ పనిముట్టు, ఏ ఫైలు, ఎంత దూరం, ఎక్కడ దాచాలి, అన్నీ. దాన్ని తీసుకెళ్లి క్యూజీఐఎస్ లోపలే ఉండే పైథాన్ కన్సోల్‌లో అతికించి, 500 ఉన్నచోట 300 పెట్టి నడపండి. మీ మొదటి ప్రోగ్రాం అదే. బీజడ్‌సీలో కప్పను కోసి అవయవాలు గుర్తుపట్టినవారికి ఇదేం కష్టం కాదు.

అక్కడ ఒక ఆటంకం రావచ్చు. క్యూజీఐఎస్ తనతోపాటు తన పైథాన్‌ను తెచ్చుకుంటుంది. మీ తమ్ముడు జియోపాండాస్ ఎక్కించింది వేరే పైథాన్‌లో. కన్సోల్లో పనిచేసిన లైన్లు అక్కడ అతికిస్తే "ఆ పేరుతో మాడ్యూల్ లేదు" అంటుంది. ఆ రెండింటినీ ఒకటి చేయాలని కూర్చుని మూడు రోజులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. కలపకండి. మధ్యలో ఒక ఫైలు పెట్టుకోండి. క్యూజీఐఎస్‌లో గీసి దాచండి, జియోపాండాస్‌లో చదివి లెక్కపెట్టండి, ఫలితాన్ని తిరిగి క్యూజీఐఎస్‌లో తెరిచి మ్యాపు చేయండి.

ఆ ఫైలు షేప్‌ఫైల్ కాకుండా జియోప్యాకేజీ అయితే మంచిది. షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా. 'చెరువు' అని రాయాలంటే పద్దెనిమిది బైట్లు కావాలి. పదింటిలో పట్టేది 'చెర' మాత్రమే. అందులో పెట్టిన డేటా గతి కూడా అదే! జియోప్యాకేజీలో ఈ బాధ లేదు. కాకపోతే క్యూజీఐఎస్‌లో తెరిచి ఉండగా పైథాన్‌తో దానిలో రాయబోతే తాళం వేసి ఉందంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసేటప్పుడు కూడా ముందు క్యూజీఐఎస్ మూసేయండి. లేకపోతే చివర్లో చేసిన మార్పులు పక్కనున్న చిన్న ఫైల్లో ఉండిపోయి, అవతలివాళ్లకు పాతది వెళుతుంది.

బోర్ల లెక్కలో రెండు చూసుకోండి. ఒకటి, ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. మనం నోటితో అక్షాంశం ముందు చెబుతాం కాబట్టి 16.74ను ఎక్స్‌లో, 77.98ను వైలో పెట్టేస్తుంటాం. అప్పుడు మీ బోరు ఎక్కడ పడుతుందో తెలుసా? ఉత్తర ధ్రువం దగ్గర, నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు ఎలుగుబంట్లు తిరిగే చోట. పాలమూరు బోరులో నీళ్లు పడకపోవచ్చు కానీ మంచు మాత్రం పడదు. పొర ఎక్కించగానే 'జూమ్ టు లేయర్' నొక్కితే ఈ తప్పు క్షణంలో బయటపడుతుంది. కోడ్ ఎంత బాగా రాసినా ఇలాంటివాటికి క్యూజీఐఎస్ తెర ముందు కూర్చోవలసిందే.

రెండోది, రెండు చెరువులకు మధ్య ఉన్న బోరు రెండింటి లెక్కలోనూ వస్తుంది. "ఈ చెరువు చుట్టూ ఎన్ని" అంటే అది సరైనదే. కానీ అన్ని చెరువుల అంకెలూ కూడి "మొత్తం ఇన్ని బోర్లు" అని నివేదికలో రాస్తే తప్పు. స్పేషియల్ జాయిన్ (ఏ బోరు ఏ వలయంలో పడిందో జత చేసే పని) చేసే ముందు ఎన్ని వరుసలు, చేశాక ఎన్ని అన్నది ప్రతిసారీ తెర మీద అచ్చు వేయించుకోండి. పెరిగితే ఎందుకు పెరిగాయో మీకు తెలిసి ఉండాలి.

ఊళ్ల జనాభా లాంటిది ఏదైనా జత చేయాల్సి వస్తే పేర్లతో కలపకండి. మీ జిల్లా పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి ఉండటం నేను చూశాను. పైగా 2011 జనగణన నాటికి మీది అరవై నాలుగు మండలాల ఉమ్మడి జిల్లా. 2016లో విడిపోయింది, 2019లో నారాయణపేట కూడా వేరైంది. ఊరి కోడ్‌తో కలపండి, ఆ కోడ్‌ను రెండు ఫైళ్లలోనూ అక్షరాలుగానే చదివించండి. ఒకచోట అంకె, ఒకచోట అక్షరం అయితే చూడ్డానికి ఒకేలా ఉన్నా కలవవు.

ఇప్పుడు ఆ గుంటల సంగతి. మీరు అడగలేదు కానీ, హద్దులు గీయడం అయ్యాక "నీళ్లు ఎంతమేర ఉన్నాయి" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. దానికి అందరూ పట్టుకునేది ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. అందులో ఒక పిక్సెల్ పది మీటర్లకు పది మీటర్లు, నూరు చదరపు మీటర్లు. మన గుంట 121 చదరపు గజాలు, అంటే 101 చదరపు మీటర్లు. పిక్సెల్ అంటే గుంట అన్నమాట! నలభై పిక్సెళ్లు ఒక ఎకరం. ఎవరు ఎక్కడ కూర్చుని నిర్ణయించారో కానీ, మన పల్లెలకు ఇంతకంటే అనువైన కొలత ఉండదు.

మీ 98 ఎకరాల చెరువు గుండ్రంగా ఉందనుకున్నా దాని చుట్టుకొలత 2,200 మీటర్లు దాటుతుంది. అంటే రెండు వందలకు పైగా పిక్సెళ్లు సగం నీళ్లు, సగం ఒడ్డు. అటు వేయాలా ఇటు వేయాలా అన్న సందేహం అయిదెకరాల మీద ఉంటుంది. అందుకే జోన్ తేడాతో వచ్చే ఏడెనిమిది గుంటల గురించి నిద్ర చెడగొట్టుకోవద్దనేది. 3857 తెచ్చే తొమ్మిదెకరాల గురించి చెడగొట్టుకోవచ్చు.

నీళ్లు గుర్తించడానికి ఆ చిత్రంలోని ఆకుపచ్చ బ్యాండులోంచి కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండును తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తారు. ఎన్‌డీడబ్ల్యూఐ అంటారు. పైథాన్‌లో చేసేటప్పుడు ముందు రెండు బ్యాండ్లనూ దశాంశ సంఖ్యలుగా మార్చాలి. ఆ ఫైళ్లలో ఉండేవి రుణ సంఖ్యలు పట్టని అంకెలు. 800లోంచి 900 తీస్తే మైనస్ 100 రాదు, 65,436 వస్తుంది, మెట్ట చేలన్నీ సముద్రాలైపోతాయి. 2022 జనవరి 25 నుంచి వచ్చిన చిత్రాల్లో ప్రతి అంకెకూ వెయ్యి కలిపి ఇస్తున్నారు. నీళ్లకూ నేలకూ మధ్య సున్నాను గీతగా పెట్టుకుంటే దీనివల్ల తేడా లేదు, 0.2 లాంటిది పెట్టుకుంటే పాత ఏళ్లతో పోల్చేముందు ఆ వెయ్యి తీసేయాలి. ఇక గుర్రపుడెక్క కమ్మేసిన చెరువును ఈ సూత్రం ఎండిన చెరువంటుంది. దానికి కోడ్‌లో మందు వెతక్కుండా, కట్ట మీదికి వెళ్లి ఫోటో తీసుకురండి.

ల్యాప్‌టాప్ కొనకండి. కొన్ని వందల చెరువులు, కొన్ని వేల బోర్లు 4 జీబీకి లెక్కలోనివి కావు. చిత్రాలకు మాత్రం కష్టపడుతుంది. ఒక్కో సెంటినెల్ పలకలో బ్యాండుకు పన్నెండు కోట్ల పిక్సెళ్లుంటాయి, వాటిని దశాంశాల్లోకి మార్చగానే మెషీన్ బిగుసుకుపోతుంది. మొత్తం పలక తెరవకుండా, మీ చెరువుల హద్దు చుట్టూ కిలోమీటరు వదిలి ముందే కత్తిరించి, ఆ ముక్క మీదే లెక్క చేయండి. కత్తిరించే పని క్యూజీఐఎస్‌లో 'క్లిప్ రాస్టర్ బై మాస్క్ లేయర్' చేస్తుంది. అదీ హిస్టరీలో పైథాన్‌గా రాసే ఉంటుంది.